మందూ మట్టిదే, మొండితనమూ మట్టిదే

అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో శాన్‌బోర్న్ ఫీల్డ్ అనే పాత ప్రయోగక్షేత్రం ఉంది. 1945లో అక్కడి 23వ మడిలోంచి తీసిన మట్టి లెడర్లీ ల్యాబొరేటరీస్ అనే మందుల కంపెనీకి చేరింది. అందులో దొరికిన బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్, అంటే బ్యాక్టీరియాను అణిచే మందు, తీశారు. అప్పుడు లెడర్లీ పరిశోధనలకు పెద్ద, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇంతవరకు తెలుగువాళ్లం గర్వంగా చెప్పుకుంటాం. తర్వాతి కథ పెద్దగా చెప్పుకోం.

ఇలాంటి మందు బ్యాక్టీరియాకు విషమే. విషం తయారుచేసే జీవి ముందు ఆ విషానికి తాను చావకూడదు. అందుకే మందు చేసే సూక్ష్మజీవుల్లో దాన్ని తట్టుకునే జన్యువు కూడా ఉంటుంది. పక్కన బతికేవాటికీ ఆ విద్య కావాలి కదా. 2006లో కెనడా శాస్త్రవేత్తలు మట్టిలోని 480 రకాల సూక్ష్మజీవులను 21 మందులతో పరీక్షిస్తే, ఒక్కొక్కటి సగటున ఏడెనిమిదింటికి లొంగలేదు. 30,000 ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న కెనడాలోని యూకాన్ మట్టిలోనూ ఇలాంటి జన్యువులు కనిపించాయని 2011లో తేలింది. అప్పటికి మందుల షాపులు లేవు!

కాబట్టి నేరం మట్టిది కాదు. మనం చేసింది వేరే.

అదే లెడర్లీలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టాక్‌స్టాడ్ ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లల దాణాలో కలిపి చూశారు. వాళ్లు వెతుకుతున్నది బి12 విటమిన్ కోసం. కోడిపిల్లలు మాత్రం అనుకున్నదానికంటే వేగంగా ఎదిగాయి. 1950 నాటికి ఈ సంగతి బయటికొచ్చింది, జబ్బు లేని పశువులకూ కోళ్లకూ మందు పెట్టడం వ్యాపారమైపోయింది. తిన్న మందులో చాలా భాగం పెంటలో బయటికొస్తుంది. ఆ పెంటే ఎరువుగా పొలానికి వెళ్తుంది. అలా మట్టిలో పుట్టిన మందు మళ్లీ మట్టికే చేరింది, ఈసారి బండ్ల కొద్దీ. మందు ఉన్న చోట దాన్ని తట్టుకునేవే మిగులుతాయి. వాటి జన్యువులు ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్ఏ వలయాల మీద ఎక్కి, ఒక జాతి బ్యాక్టీరియా నుంచి ఇంకో జాతికి పోగలవు.

2012లో అమెరికాలో మట్టి బ్యాక్టీరియాలోనూ జబ్బు చేసే బ్యాక్టీరియాలోనూ అక్షరం తేడా లేని నిరోధక జన్యువులు, అంటే మందును తట్టుకునే జన్యువులు, దొరికాయి. ఏది ఎటునుంచి ఎటు వెళ్లిందో ఆ పోలిక ఒక్కటే చెప్పదు. సీటీఎక్స్-ఎం అనే నిరోధక జన్యువుల విషయంలో దారి కొంత స్పష్టం: అవి మట్టిలో, నీటిలో ఉండే క్లువేరా బ్యాక్టీరియావి. ఇప్పుడు మూత్రనాళ ఇన్ఫెక్షన్లు తెచ్చే ఈ.కోలిలో చేరి, సెఫోటాక్సిమ్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లను పనిచేయనివ్వడం లేదు.

మన దగ్గర కోడిపెంటతోనే ఆగలేదు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో, మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించింది. రోగి రక్తంలో కూడా ఆ మందు అంత ఉండదు. శుద్ధి చేశాక పరిస్థితి ఇది. ఇలాంటి వ్యర్థాల్లో యాంటీబయాటిక్ ఎంతవరకు ఉండొచ్చో హద్దులు పెడుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ హద్దులు లేవు.