సర్కారు బడి, ఊరి సేవలు, మధ్యలో ఒక మనిషి: అపోహలు - వాస్తవాలు

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల సర్కారు బడుల్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థ మాది. మేము పాఠాలు చెప్పం. వైద్యం, ధ్రువపత్రాలు, వసతి, న్యాయ సహాయం వంటి సేవలను బడి పిల్లల దాకా చేరుస్తాం. సంస్థ పెరిగేకొద్దీ ఈ పనిపై అపోహలూ పెరిగాయి.

అపోహ: పథకాలు లేకనే పేద పిల్లలు నష్టపోతున్నారు.

వాస్తవం: పథకాలకు కొదవ లేదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లోనే మొదలైంది. వైద్య బృందం బడికే వచ్చి పరీక్షలు చేస్తుంది. తర్వాతే పని ఆగిపోతుంది. బోర్డు మీది అక్షరాలు కనిపించని నాలుగో తరగతి పాపకు పెద్దాసుపత్రికి వెళ్లమని చీటీ రాసిస్తారు. నాలుగు మడతలు పడి అది లెక్కల నోటుబుక్కులోనే ఉండిపోతుంది. పత్తి తీసే రోజులాయె, తల్లి పని మానితే ఆ రోజు కూలి పోతుంది. ఎలాగో వెళ్తే ‘కంటి డాక్టరు ఈ రోజు లేరు, మళ్లీ రండి’ అంటారు. రెండోసారి ఎవరు వెళ్తారు? బడిలో ఉండి ఈ సేవలను పిల్లలకు అందేలా చూసే మా సమన్వయకర్త డాక్టరు ఉండే రోజు ముందే కనుక్కుంటుంది, ఆశా కార్యకర్తను కలుపుకొంటుంది, తల్లీబిడ్డలతో తనూ బస్సెక్కుతుంది. అద్దాలు వచ్చాక పాప వాటిని బడికి పెట్టుకొస్తోందా లేదా అన్నదీ చూస్తుంది. అన్నింటికన్నా కష్టం ఇదే. తోటివాళ్లు వెక్కిరిస్తే అద్దాలు ఇంట్లో గూట్లోకి చేరతాయి. అందుకే తరగతి మొత్తాన్నీ కూర్చోబెట్టి మాట్లాడతాం.

అపోహ: ఇదంతా టీచర్లే చేయవచ్చు.

వాస్తవం: ఏకోపాధ్యాయ బడిలో టీచరు ఒక పిల్లవాడిని ఆసుపత్రికి తీసుకెళ్తే మిగతా పిల్లలకు ఆ రోజు చదువు లేనట్టే.

అపోహ: వలస వెళ్లే ఇంటి పిల్లల చదువు ఎలాగూ ఆగిపోతుంది.

వాస్తవం: ఆగాల్సిన పనిలేదు. కోస్గి, మద్దూరు వైపు నుంచి హైదరాబాద్, పుణె, ముంబై పనులకు వెళ్లే కుటుంబాలతో ముందే మాట్లాడితే, ప్రభుత్వ విద్యా పథకం సమగ్ర శిక్ష కింద వలస కాలంలో నడిచే సీజనల్ హాస్టల్లో పిల్లలను ఉంచవచ్చు. వెంట తీసుకెళ్తే అక్కడి బడిలో చేర్చవచ్చు. టీసీ ఆలస్యమైందనో, వయసు ధ్రువపత్రం లేదనో చేర్చుకోకపోవడం 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం కుదరదు. ఈ మాట బడి గుమ్మంలో నిలబడి గట్టిగా చెప్పగల మనిషి కావాలి, అంతే.

అపోహ: బడుల సంఖ్య పెరిగితే సంస్థ ఎదిగినట్టు.

వాస్తవం: దాతలు మొదట అడిగేది ‘ఎన్ని బడులు?’ అనే. అమెరికాలో బిల్ మిలికెన్ 1970లలో ప్రారంభించిన ‘కమ్యూనిటీస్ ఇన్ స్కూల్స్’ నేడు వేల బడుల్లో పనిచేస్తోంది. అయినా దాని ఆయువుపట్టు బడిలోనే ఉండి పిల్లలను పేరుపేరునా ఎరిగిన సమన్వయకర్తే. ఆ మనిషిని పెట్టకుండా బడుల జాబితా పెంచితే మిగిలేది బ్యానర్లూ ఫొటోలే. ఇక్కడ కంపెనీలకు నేనొకటి చెప్పాలి. బెంచీలకు, కంప్యూటర్లకు సంతోషంగా డబ్బిస్తారు. సమన్వయకర్త జీతం అనగానే అది పరిపాలనా ఖర్చు, 5 శాతం దాటకూడదు అంటారు. 2021లో సవరించిన కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిబంధనల ప్రకారం ఆ పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ నిర్వహణకు పెట్టుకునే సాధారణ ఖర్చులకే. ప్రాజెక్టు అమలుకు నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. మా పనిలో ప్రాజెక్టు అంటే ఆ మనిషే కదా!

అపోహ: సంస్థ వెళ్లిపోతే కథ మళ్లీ మొదటికే.

వాస్తవం: ఇందులో కొంత నిజముంది. అందుకే మొదటి రోజు నుంచే పిల్లల అవసరాల రిజిస్టరు ప్రధానోపాధ్యాయుల గదిలో ఉంచుతాం, మా ఆఫీసులో కాదు. సర్కారు బడుల బాగోగులు చూసేందుకు 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు మహిళల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలే సారథి. ఏ ఇంటి తల్లి ఏ పనికి వెళ్తుందో ఆమెకు తెలిసినంతగా మాకు తెలియదు. మేము తప్పుకొనేటప్పుడు రిజిస్టరు ఆమెకే అప్పగిస్తాం. కమిటీ క్రమం తప్పకుండా సమావేశం కాని ఊళ్ల నుంచి మాత్రం మేము బయటికి రాము.