బెజవాడ పత్రికలు, నాయకుల మర్యాద: పక్షపాతం వెనుక చరిత్ర

విజయవాడలో ఏదైనా పార్టీ సభ జరిగిన మర్నాడు రెండు పత్రికలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే, ఒకదానిలో జనసంద్రం, మరొకదానిలో ఖాళీ కుర్చీలు కనిపించడం ఇక్కడి పాఠకులకు కొత్త కాదు. అదే నాయకుడు ఒక పత్రికలో ‘స్పష్టం చేస్తారు’, రెండో దానిలో ‘అక్కసు వెళ్లగక్కుతారు’. ఒకప్పుడు తెలుగు పత్రికలు తటస్థంగా ఉండేవనీ, ఈ జాడ్యం నిన్న మొన్నటిదనీ పెద్దవాళ్లు అంటూ ఉంటారు గాని, చరిత్ర ఆ మాటను బలపరచదు.

1902లో మచిలీపట్నంలో మొదలైన కృష్ణాపత్రిక గాని, 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో స్థాపించి 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా తెచ్చిన ఆంధ్రపత్రిక గాని జాతీయోద్యమం పక్షాన నిలిచినవే. ఎదుట ఉన్నది పరాయి ప్రభుత్వం కనుక దాన్ని పక్షపాతమని ఎవరూ అనలేదు.

ఆ పక్షం పార్టీల మధ్యకు దిగింది 1950లలో. 1952లో విజయవాడ నుంచి వెలువడిన విశాలాంధ్ర కమ్యూనిస్టు పార్టీ పత్రిక; ఆ సంగతి అది దాచుకోలేదు, పాఠకులు ఆ ఎరుకతోనే కొన్నారు. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో పెద్ద పత్రికలు కమ్యూనిస్టులకు వ్యతిరేకంగా బాహాటంగా రాశాయి. 196 స్థానాల శాసనసభలో ఆ పార్టీకి దక్కినవి 15. 1959లో ఆంధ్రప్రభ మద్రాసు నుంచి విజయవాడకు తరలిరావడం, 1960లో ఇక్కడే నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలో ఆంధ్రజ్యోతి మొదలవడంతో బెజవాడ పత్రికల ఊరైంది. నార్ల అప్పటికే రాజ్యసభ సభ్యుడు. సంపాదకుడు పార్లమెంటులో కూర్చోవడం ఆనాడు ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు. అయితే దెబ్బలాటకు అసలు చోటు సంపాదకీయం, వ్యంగ్యచిత్రం. వార్తలో మాత్రం ప్రత్యర్థి పేరు ముందు కూడా ‘శ్రీ’ ఉండేది.

1974లో విశాఖపట్నంలో పుట్టిన ఈనాడు జిల్లా వార్తలను, వాడుక భాషను ముందుకు తెచ్చి ఆ పద్ధతిని మార్చింది. 1982 మార్చి 29న ఎన్టీ రామారావు తెలుగుదేశం పెట్టినప్పుడు ఆ పత్రిక ఇచ్చిన మద్దతు బహిరంగమే. ఆయన ముఖ్యమంత్రి అయిన రెండు నెలలకు, కాంగ్రెస్ బలం ఎక్కువగా ఉన్న శాసనమండలిలో జరిగిన రభస వార్తకు ఈనాడు ‘పెద్దల గలభా’ అని శీర్షిక పెట్టింది. పెద్దల సభను అంత మాట అంటారా అని మండలి సభాహక్కుల ఉల్లంఘన కింద చర్యకు దిగి, 1984 మార్చిలో సంపాదకుడు రామోజీరావును పట్టి తెమ్మని పోలీసు కమిషనర్‌ను పంపేదాకా వెళ్లింది. సుప్రీంకోర్టు ఆ అరెస్టును అడ్డుకుంది. మరుసటి ఏడాది ఎన్టీఆర్ ప్రభుత్వం మండలినే రద్దు చేయించింది. ఆ శీర్షికలో తిట్టు లేదు, అబద్ధమూ లేదు. సభ్యులకు తగిలింది ఎగతాళి.

2004 తర్వాత ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి నోట ‘ఆ రెండు పత్రికలు’ అన్న మాట ఊతపదమైంది. ఈనాడు, ఆంధ్రజ్యోతి అని పేర్లు చెప్పనక్కర లేకుండానే జనానికి అర్థమయ్యేది. తప్పుడు కథనాలపై అధికారులు కేసులు పెట్టవచ్చునంటూ 2007లో ఇచ్చిన జీవో 938ని జర్నలిస్టుల నిరసనతో పక్కన పెట్టారు. 2008 మార్చిలో ఆయన కుమారుడు జగన్మోహన్ రెడ్డి స్థాపించిన సాక్షి వచ్చింది. అప్పటి నుంచి గుంటూరు బ్రాడీపేట టీ కొట్లలో కూడా మనిషి చేతిలోని పత్రికను చూసి ఓటు చెప్పేస్తున్నారు.

మర్యాద ఈ దశలోనే కొలబద్దగా మారింది. ‘శ్రీ’, ‘గారు’ వార్తల్లోంచి పోయాక మిగిలింది క్రియ చివరి ‘రు’ ఒక్కటే. వార్తలు దిద్దే డెస్క్ దాన్ని పంచే తీరు గమనించదగ్గది: గొలుసు దొంగ ‘పారిపోయాడు’, కోట్ల కుంభకోణంలో నిందితుడైన నాయకుడు ‘లొంగిపోయారు’. కోర్టులో ఇద్దరిపైనా నేరం రుజువు కాలేదు. గౌరవం మనిషికి కాక హోదాకు దక్కుతోందన్నమాట, ఇందులో అన్ని పత్రికలదీ ఒకటే దారి. తేడా అంతా ‘రు’ను ఉంచి చేసే అవమానంలో ఉంది: నోరు తెరిచి, కళ్లు మూసుకున్న క్షణంలో తీసిన ఫొటో వేయడం, ఖండనను నాలుగో పేజీలో సింగిల్ కాలమ్‌కు కుదించడం. నాయకుల అనుచరులు ఏకవచనం మీద గొడవ చేస్తారు గాని, అసలు దెబ్బ అక్కడ తగలదు.

పత్రికలు పక్షం వహించిన కొద్దీ ప్రభుత్వాలూ చేతికందిన పనిముట్టు వాడాయి. జగన్ ప్రభుత్వం 2019 అక్టోబరు 30న ఇచ్చిన జీవో 2430, పాత 938ని మరింత పదును పెట్టి, కేసులు వేసే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు ఇచ్చింది. భారత ప్రెస్ కౌన్సిల్ దాన్ని తనంతట తానుగా విచారణకు తీసుకుంది. గ్రామ, వార్డు వాలంటీర్లు పత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు ఇస్తామన్న 2022 నాటి ఉత్తర్వు సాక్షికి మేలు చేసేందుకేనంటూ ఈనాడు యాజమాన్యం కోర్టుకెక్కగా, 2023లో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యాన్ని ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది. 2019లో రాష్ట్రంలో కేబుల్ ఆపరేటర్లు టీవీ5, ఏబీఎన్ ప్రసారాలు ఆపితే ఆ వివాదం టెలికాం, ప్రసార వివాదాలు తేల్చే ట్రిబ్యునల్ టీడీశాట్ దాకా వెళ్లింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. సాక్షి టీవీ సహా కొన్ని ఛానళ్లు రావడం లేదని ఈసారి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు ఫిర్యాదు చేసింది వైఎస్సార్ కాంగ్రెస్.