గేటు పడిన అడవి: 1971 చట్టంలో రాయని షరతు

అడవిలోకి వెళ్ళే పర్మిట్ల అమ్మకం మొదలయ్యే రోజులు వచ్చాయంటే చాలు, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పాత గొడవ మళ్ళీ రాజుకుంటుంది. ఎల్క్ అనే పెద్ద దుప్పిని వేటాడే కుటుంబాలు తాతల నాటి నుంచి తిరిగిన అడవి దారుల్లో ఇప్పుడు కలప కంపెనీల గేట్లున్నాయి. బండితో లోపలికి వెళ్ళాలంటే ఏడాదికి వందల డాలర్లు కట్టాలి. ఆ పర్మిట్లు కూడా కొన్నే ఉంటాయి. చట్టం ప్రకారం ఆ జంతువు రాష్ట్రానిది. వేట లైసెన్సుకు ప్రభుత్వానికి డబ్బు కడుతున్నాం, ఈ అడవికి ఆస్తి పన్నులో తగ్గింపు ఇస్తున్నదీ మన రాష్ట్రమే, మరి మూడోసారి గేటు దగ్గర ఎందుకు కట్టాలని వేటగాళ్ళు అడుగుతున్నారు.

వేర్‌హౌజర్ అనే కలప కంపెనీ 1900లో నార్తర్న్ పసిఫిక్ రైల్వే దగ్గర 9 లక్షల ఎకరాలు కొన్న కథ చాలామంది రాసిందే. నా ఉద్దేశంలో ఈ తగాదాకు మూలం అది కాదు, 1971లో జరిగిన పన్ను మార్పు.

అంతకు ముందు నిలబడి ఉన్న చెట్టుకు కూడా ఇల్లూ పొలం లాగే ఏటా విలువ కట్టి పన్ను వేసేవారు. డగ్లస్ ఫర్ చెట్టు కోతకు రావడానికి నలభై, యాభై ఏళ్ళు పడుతుంది. అన్నేళ్ళూ పన్ను కట్టాలి, డబ్బు చేతికొచ్చేది మాత్రం ఒక్కసారే. అందుకే పన్ను భారం తప్పించుకోవడానికి తొందరపడి నరికేసే పరిస్థితి ఉండేది. 1971 చట్టం చెట్టును ఆస్తి పన్ను నుంచి తప్పించి, నరికినప్పుడే పన్ను వేసే పద్ధతి తెచ్చింది. ఆ కోత పన్ను ఇప్పుడు 5 శాతం. నేలకు మార్కెట్ ధరను కాకుండా, అడవిగా దానికున్న విలువను లెక్కలోకి తీసుకుంటారు. నాసి నేలకు అది ఎకరాకు 1 డాలరు, మేలైన నేలకు కూడా వందల్లోనే. ఇది మంచి మార్పే. లేకపోతే సియాటిల్ చుట్టుపక్కల అడవి చాలావరకు ఈపాటికి ఇళ్ళ స్థలాలయ్యేది.

కానీ ఈ తగ్గింపు ఎందుకిస్తున్నారో ఆ చట్టం మొదట్లోనే రాసుకుంది. నీటి వనరులు పెరగాలి, నేల కోత తగ్గాలి, వేట జంతువులకు ఆవాసం ఉండాలి, జనానికి విహార స్థలాలు ఉండాలి, ఉపాధి దొరకాలి, ఇప్పటి తరమూ రాబోయే తరాలూ ఇవన్నీ అనుభవించాలి అని. అయితే షరతుల దగ్గరికొచ్చేసరికి జనం మాట లేదు. అడవిని ఇళ్ళ స్థలాలుగా మారిస్తే గరిష్ఠంగా తొమ్మిదేళ్ళ తేడా పన్ను వెనక్కి కట్టాలని ఉంది. జనాన్ని లోపలికి రానివ్వకపోతే ఏమవుతుందో ఒక్క వాక్యం కూడా లేదు.

ఎందుకు రాయలేదు? ఆ రోజుల్లో గేట్లు చాలావరకు తెరిచే ఉండేవి కాబట్టి, ఆ అవసరం తట్టి ఉండదు. దానికి నాలుగేళ్ళ ముందు, 1967లో, ఇంకో చట్టం వచ్చింది. డబ్బు తీసుకోకుండా జనాన్ని రానిచ్చే భూయజమానికి, వాళ్ళకు ఏదైనా ప్రమాదం జరిగితే బాధ్యత నుంచి రక్షణ ఇచ్చిందది. కాబట్టి జనం ఆ అడవుల్లో తిరగాలని అప్పటి శాసనసభ కోరుకోలేదని అనలేం.

2010లో వేర్‌హౌజర్ రియల్ ఎస్టేట్ ట్రస్టుగా మారింది. ఈ పద్ధతిలో వాటాదారులకు పంచే కలప ఆదాయంపై కంపెనీ స్థాయిలో ఫెడరల్ ఆదాయపు పన్ను ఉండదు. భూమి నుంచి వచ్చే ప్రతి రాబడికీ లెక్క పెరిగింది. 2013లో నైరుతి వాషింగ్టన్‌లో ఆ కంపెనీకున్న పీఎల్, వెయిల్ అడవుల్లో పర్మిట్ ఫీజు మొదలైంది. పని మానేసి, సెలవు పెట్టుకుని ఏటా ఆ కొండలకే వెళ్ళే మిల్లు కార్మికుల కుటుంబాలకు అది పెద్ద దెబ్బ.

కంపెనీలు చెప్పేది కూడా ఉంది. చెత్త పోసి పోతున్నారు, గేట్లు విరగ్గొడుతున్నారు, కలప దొంగతనాలు జరుగుతున్నాయి, కాపలాకు ఖర్చవుతోంది, పన్ను తగ్గింపు చెట్లు పెంచినందుకే గానీ జనాన్ని రానిచ్చినందుకు కాదు అంటాయి. చట్టం అక్షరాలు చూస్తే చివరి మాట నిజమే.

వేరేచోట ఆ అక్షరాలు ముందే రాసుకున్నారు. మిషిగన్ రాష్ట్రంలో 1925 నాటి చట్టం కింద పన్ను తగ్గింపు పొందిన అడవిలోకి వేటకూ చేపలకూ ఎవరైనా కాలినడకన వెళ్ళొచ్చు. ఈరోజు సుమారు 22 లక్షల ఎకరాలు అలా తెరిచి ఉన్నాయి. విస్కాన్సిన్ రాష్ట్రంలో అడవికి పన్ను తగ్గించే పథకంలో చేరినా మూసుకునే వీలుంది గానీ దానికి ధర ఉంది. 2004 తర్వాత ఆ పథకంలో చేరిన భూమికి 2018-22 మధ్య ఏటా పన్ను తెరిచిన ఎకరాకు 2.04 డాలర్లు, మూసిన ఎకరాకు 10.20 డాలర్లు. అంటే సరిగ్గా ఐదు రెట్లు.

సియాటిల్ వైపున్న మన తెలుగువాళ్ళకు ఇది దూరపు సంగతి కాదు. ఇస్సాక్వా, స్నోక్వాల్మీల్లో ఉంటూ వారాంతాల్లో పిల్లలతో కొండలెక్కేవాళ్ళు ఈ గేట్లు చూసే ఉంటారు. స్నోక్వాల్మీ అడవిలో 90 వేల ఎకరాల మీద ఇళ్ళు కట్టే హక్కుల్ని 2004లో సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ ప్రభుత్వం 2.2 కోట్ల డాలర్ల ప్రజాధనంతో కొనేసింది. అడవి మిగిలింది. లోపలికి వెళ్ళాలంటే మాత్రం పర్మిట్ కావాలి.

1971 చట్టానికి దారి వేసింది 1968లో ఓటర్లు ఆమోదించిన రాష్ట్ర రాజ్యాంగ సవరణ. కలప భూములకు ప్రస్తుత వాడకాన్ని బట్టి విలువ కట్టే అధికారాన్ని అది శాసనసభకిచ్చింది. ఆ సవరణలోనే, శాసనసభ విధించే షరతులకు లోబడి అన్న మాట కూడా ఉంది. ఆ మాటను ఎవరూ కొట్టేయలేదు. రాష్ట్ర రాజధాని ఒలింపియాలో శాసనసభ తలుచుకుంటే ఆ షరతు ఇప్పుడైనా రాయొచ్చు.