పులికాట్ కత్రైన్, బెంగాల్ టైటస్: ఆ ప్రేమకథల వెనక ఏముంది

బానిస వ్యాపారం మీద వచ్చే చారిత్రక నవలల్లో ఒక ఘట్టం దాదాపు తప్పదు. యజమాని కొడుకు, బానిస పిల్ల, చాటుమాటు కలయిక, ఊరికి తెలిసి గగ్గోలు. చదువుతుంటే ఆ రోజుల్లో ప్రేమించడమే నేరమేమో అనిపిస్తుంది. దక్షిణాఫ్రికాలోని కేప్ కాలనీ రికార్డుల్లో సంగతి అంత తేలిగ్గా లేదు. ఎవరు మగ, ఎవరు ఆడ, ఎవరు తెల్ల అన్నది చూసుకున్నాకే అది తప్పో కాదో తేల్చేవారు.

ఆ రికార్డుల్లో మన తీరం కూడా ఉంది. డచ్ ఈస్టిండియా కంపెనీ 1613లో పులికాట్‌లో, అంటే మన ప్రళయకావేరి ఒడ్డున, గెల్డ్రియా కోట కట్టింది. కొనేది ముఖ్యంగా బట్టలే. కరువొచ్చిన ఏడు మాత్రం మనుషులు చవగ్గా దొరికేవారు. తిండిగింజలు లేక పిల్లల్ని అమ్ముకున్న ఇళ్లున్నాయి. దళారులు వాళ్లను రేవుకు చేర్చేవారు, ఓడలు బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, తీసుకుపోయేవి. 1652లో కేప్‌లో మజిలీ పెట్టాక అక్కడికీ తరలింపు మొదలైంది. 1808 దాకా అక్కడ దిగిన బానిసలు సుమారు 63 వేల మంది. అందులో దాదాపు నాలుగో వంతు మన ఉపఖండం వాళ్లే.

కొన్నవాళ్లు కొత్త పేరు పెట్టేవారు: టైటస్, సెప్టెంబర్, కత్రైన్. దాని పక్కన ఏ ఊరి నుంచి వచ్చారో ఆ ఊరు. మన ఇంటిపేర్లు కూడా సగం ఊళ్ల పేర్లేగా! కాకపోతే వీళ్లు ఆ ఊరి ముఖం మళ్లీ చూడరు.

పులికాట్ కత్రైన్ బటావియాలో బానిస. ఆమెతో సంబంధం ఉన్న మలబారు బానిస ఒక గొడవలో ఆమె చేతిలో దెబ్బతిని చనిపోయాడు. ముందు మరణశిక్ష వేశారు, తర్వాత దాన్ని కేప్‌కు యావజ్జీవ ప్రవాసంగా మార్చారు. 1657లో అక్కడికి చేరి కమాండర్ ఇంటి బట్టలు ఉతికింది. స్నైమన్ అనే సిపాయి వల్ల ఆమెకు క్రిస్టోఫెల్ పుట్టాడు. ఆ కుర్రాడు పెద్దయ్యాక హ్యూగెనో, అంటే ఫ్రెంచి ప్రొటెస్టెంటు, కుటుంబంలోని పిల్లను చేసుకున్నాడు. దక్షిణాఫ్రికాలో ఇవాళ స్నైమన్ ఇంటిపేరున్న ఎన్నో కుటుంబాలకు అతనే మూలపురుషుడు.

తొలినాళ్లలో పెళ్లిళ్లకూ అడ్డు లేదు. 1666లో విడుదలైన బెంగాల్ ఆంజెలా 1669లో బాసన్ అనే తెల్లాయన్ను పెళ్లాడింది. 1685లో కంపెనీ కమిషనర్ వాన్ రీడ్ వచ్చి గీత గీశాడు: విడుదలైన బానిస స్త్రీకి తండ్రి యూరోపియన్ అయితే తెల్లవాడు చేసుకోవచ్చు, కాకపోతే కుదరదు.

నిషేధమల్లా పెళ్లికే. 1679లో కట్టిన కంపెనీ బానిసలను ఉంచే లాడ్జిలోకి రాత్రి తలుపులు వేసే ముందు సిపాయిలు, నావికులు ఓ గంటసేపు వచ్చిపోయేవారు. దాన్నెవరూ ఆపలేదు. వద్దనే హక్కు లేని మనిషి దగ్గర ప్రేమ అన్న మాట వాడాలంటే నాకు చెయ్యి రాదు.

ఇక 1714. మరియా మూటన్ తెల్ల రైతు భార్య, టైటస్ ఆ ఇంటి బానిస. ఇద్దరికీ సంబంధం. ఇంకో బానిస కూడా కలిసి ఆమె భర్తను చంపారు. మరియాను సగం గొంతు నులిమి, కాల్చి, మళ్లీ నులిమి చంపారు. టైటస్‌ను కొరత వేశారు, అంటే మొన ఉన్న స్తంభం మీద గుచ్చి కూర్చోబెట్టారు. రెండు రోజులు బతికాడు. నాలుగు గంటలయ్యాక ఎవరో సారా సీసా ఇస్తే గటగటా తాగాడట. మత్తెక్కుతుంది, ఎక్కువ తాగొద్దంటే, గట్టిగానే కూర్చున్నాను, పడిపోతానన్న భయం లేదులే అన్నాడని కంపెనీ రోజువారీ రికార్డులో రాసి ఉంది.

హత్యకు ఆ శిక్ష అనొచ్చు. కత్రైన్ చేతిలోనూ ఒక మనిషి పోయాడు. అతను బానిస. ఇక్కడ పోయినవాడు యజమాని, అదీ ఒక తెల్లావిడ మొగుడు.

బానిసలు, అదీ క్రైస్తవులైతేనే, చట్టప్రకారం పెళ్లి చేసుకోవచ్చని అక్కడ ప్రకటన వచ్చింది 1823లో. అప్పటికి కేప్ ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉంది.