కారు లోపలి ప్లాస్టిక్‌ని నున్నగా చేసి రంగు వేయడం: మన గోదావరి జిల్లాల్లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

కారు బయటి రంగు గురించి మన దగ్గర అందరికీ ఎంతో కొంత తెలుసు. లోపలి ప్లాస్టిక్ దగ్గరికొచ్చేసరికి ఎవరికి తోచింది వాళ్లు చెప్తారు. డోర్ ప్యాడ్ల మీద, గేర్ చుట్టూ ఉండే కన్సోల్ మీద ఉన్న గరుకు గ్రెయిన్ (సన్నటి గీతలు, గుంటల అచ్చు) తీసేసి, నున్నగా మెరిసేలా రంగు వేయమని భీమవరం నుంచి అమలాపురం దాకా చాలామంది అడుగుతున్నారు. చేయొచ్చు. ఓపికగా చేస్తే కంపెనీలో అలాగే తయారైందనిపిస్తుంది. కానీ ఎక్కడో చేయించుకుని, ఆరు నెలలు తిరక్కుండా పెచ్చులూడిపోయాక మా షెడ్డుకి తెచ్చే ప్యానెళ్లు చూస్తే బాధేస్తుంది. వాటిలో చాలావాటి మీద వేసిన రంగు మంచిదే. దాని కింద జరగాల్సిన పనే జరగలేదు.

అపోహ: ప్లాస్టిక్ అంటే ప్లాస్టిక్కే, అన్నిటికీ ఒకటే పద్ధతి

ప్యానెల్ ఊడదీయగానే నేను మొదట చేసే పని దాన్ని తిరగేయడం. వెనక వైపు చిన్న అక్షరాల్లో అది ఏ ప్లాస్టిక్కో అచ్చు వేసి ఉంటుంది. ఏబీఎస్ అనో, పీసీ ప్లస్ ఏబీఎస్ అనో ఉంటే పని తేలిక. సరిగ్గా కడిగి గరుకు చేస్తే మంచి ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) దాన్ని బాగానే పట్టుకుంటుంది. పీపీ అనో, పీపీ ప్లస్ ఈపీడీఎమ్ (ఈపీడీఎమ్ ఒక రకం రబ్బరు) అనో, దాని పక్కన టీడీ20 అనో ఉంటే అది పాలీప్రొపిలీన్. ఆ టీడీ20 అంటే అందులో 20 శాతం టాల్క్ పొడి కలిపారని. కన్సోళ్లు, డోర్ ప్యాడ్లు, పిల్లర్ల మీది ట్రిమ్ముల్లో ఎక్కువగా ఉండేది ఇదే. అరటాకు మీద నీళ్లు జారిపోయినట్టు దీని మీద రంగు నిలవదు. పైకి అంటుకున్నట్టే కనిపిస్తుంది కానీ లోపల పట్టు ఉండదు. గోటితో గీకితే పొరలా లేచి వస్తుంది.

దీనికి అడ్హెషన్ ప్రమోటర్ అనే పారదర్శకమైన మందు దొరుకుతుంది. పాలీప్రొపిలీన్‌ని పట్టుకునే రకం రెజిన్, అంటే క్లోరిన్ కలిపిన పాలీఒలెఫిన్, అందులో ఉంటుంది. ఇది మందంగా వేస్తే ఇంకా గట్టిగా పట్టుకుంటుందనుకోవడం మరో పొరపాటు. పల్చటి మంచులా ఒకటి రెండు కోట్లు చాలు. మందమైతే ఆ పొరే బలహీనమై, పైనున్న రంగంతా దానితో పాటే ఊడుతుంది. తర్వాతి కోటు ఎన్ని నిమిషాల్లోపు వేయాలో డబ్బా మీద రాసి ఉంటుంది. ఆ టైము దాటనివ్వకూడదు.

వెనక అచ్చు లేకపోతే ఒక ముక్క కోసి నీళ్లలో వేసి చూడమంటారు. తేలితే పీపీ, మునిగితే ఏబీఎస్ అని లెక్క. మామూలు పీపీ నీటికంటే తేలికే కాబట్టి తేలుతుంది, నిజమే. కానీ టాల్క్ కలిపిన పీపీ బరువు దాదాపు ఏబీఎస్ బరువుతో సమానం. అదీ మునుగుతుంది. అనుమానం ఉన్నప్పుడు పీపీ అనుకునే పని చేయాలి.

అపోహ: తుడిచి మెరిపించి తెచ్చాం, ఇంకేం కడుగుతారు?

ఆ మెరుపే అసలు చిక్కు. డ్యాష్‌బోర్డు పాలిషుల్లో చాలావాటిలో సిలికాన్ ఉంటుంది. కోనసీమ వైపు కొందరు కొబ్బరినూనె రాసి తుడుస్తారు. నూనె ఎలాగోలా సబ్బుకి లొంగుతుంది, సిలికాన్ అంత సులువుగా వదలదు. అది ఎక్కడ మిగిలితే అక్కడ రంగు పక్కకి తప్పుకుని చేపకళ్లలాంటి గుంటలు పడతాయి.

వరుస చాలా ముఖ్యం. కడగకుండా ముందే గరుకు పేపర్ (శాండ్‌పేపర్) పడితే ఆ సిలికాన్ గ్రెయిన్ లోపలికి దిగిపోతుంది. అందుకే ముందు సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్. గ్రెయిన్ గీతలు ఎటుంటే అటు, మళ్లీ అడ్డంగా రుద్దాలి. ఆరాక వ్యాక్స్, గ్రీజు తీసే క్లీనర్. దీనికి రెండు గుడ్డలు కావాలి. ఒకదానితో తడిపి, ఆరిపోకముందే రెండో పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. ఒకే గుడ్డతో రుద్దుతుంటే మురికిని ఇటునుంచి అటు జరపడమే అవుతుంది. ఎన్‌సీ థిన్నర్‌తో (నైట్రోసెల్యులోజ్ రంగుల్ని పల్చబరిచే ద్రావకంతో) తుడిచే అలవాటు మాత్రం మానేయాలి. ఏబీఎస్ మీద థిన్నర్ పడితే క్లిప్పుల చుట్టూ సన్నటి వెంట్రుక పగుళ్లు వస్తాయి. ఆ రోజు కనిపించకపోయినా, బిగించేటప్పుడు క్లిప్పు విరిగి చేతికొస్తుంది.

అపోహ: గట్టిగా పేపర్ కొడితే గ్రెయిన్ పోతుంది

ఏబీఎస్ మీద కొంతవరకు నిజం. 180 నంబరు పేపర్‌తో మొదలుపెట్టి ఇంకా మెత్తటి 240, 320 మీదుగా వస్తే గ్రెయిన్ నిజంగానే దిగుతుంది. పీపీ అలా కాదు. పొడి పేపర్‌తో గట్టిగా రుద్దితే అది పొడిగా రాలదు. రాపిడి వేడికి మెత్తబడి పీచులా లేస్తుంది. వేలితో తడిమితే నూగు తగులుతుంది. ఆ నూగు మీద ఎంత మంచి ప్రైమర్ వేసినా గడ్డిపరకల్లా పైకి పొడుచుకొస్తుంది. దాన్ని తీద్దామని ఇంకా రుద్దితే ఇంకా లేస్తుంది.

అందుకే పీపీలో గ్రెయిన్‌ని కోయడానికి చూడకుండా దాన్ని నింపాలి. బూడిదరంగు స్కఫ్ ప్యాడ్‌తో తడిగా, తేలిగ్గా గరుకు చేసి, మళ్లీ శుభ్రం చేసి, ప్రమోటర్ వేసి, ఆ పైన టూకే (గట్టిపరిచే హార్డ్‌నర్ కలిపి వాడే రకం) హైబిల్డ్ ప్రైమర్, అంటే గుంటలు నింపే మందపాటి ప్రైమర్, కోట్లు వేయాలి. వంగే ప్యానెల్ అయితే అందులో వంగినా పగలకుండా చేసే ఫ్లెక్స్ అడిటివ్ కలపాలి. గ్రెయిన్ లోతు మిల్లీమీటరులో పదో వంతుకి అటూ ఇటూ ఉంటుంది. కంటికి ఏమీ లేదనిపించే ఈ లోతుకి ఒక్క కోటు చాలదు. వేయడం, ఆరనివ్వడం, రుద్దడం, మళ్లీ వేయడం. ఈ పనికి అసలు ఖర్చు ఈ తిరుగుళ్లే, రంగు కాదు.

ఎప్పుడు నిండిందో చేతికి తెలియదు. బూడిదరంగు ప్రైమర్ మీద నల్లరంగు చాలా పల్చగా, దుమ్ము చల్లినట్టు కొడతాం. దాన్ని గైడ్ కోట్ అంటారు. ఆపైన చెక్క బ్లాకుకి 400 వాటర్ పేపర్ చుట్టి సమంగా రుద్దుతాం. మెరకల మీద నలుపు పోతుంది, గ్రెయిన్ గుంటల్లో చిన్నచిన్న నల్లచుక్కలుగా మిగులుతుంది. ఆ చుక్కలు పూర్తిగా పోయేదాకా రంగు డబ్బా మూత తీయకూడదు. చుక్కలున్నా పర్లేదు, రంగు కప్పేస్తుందిలే అని తీసినవాళ్ల ప్యానెల్ మీద, రంగు పైన వేసే పారదర్శకమైన, మెరిసే క్లియర్ కోట్ పడ్డాక గ్రెయిన్ మళ్లీ నీడలా పైకి తేలుతుంది. బ్లాకు వాడకుండా వేళ్లతో రుద్దితే అదో రకం అవస్థ. ఎండ పడగానే వేళ్ల సందుల చాళ్లన్నీ కనిపిస్తాయి.

అపోహ: లప్పం పెట్టేస్తే ఈ గొడవంతా ఉండదు

టింకరింగ్‌లో వాడే మామూలు పాలిస్టర్ లప్పం రేకు కోసం చేసింది. పీపీని పట్టుకోదు. డోర్ ప్యాడ్ మోచేతికి కాస్త వంగినా పగులుతుంది. లోతైన గీత ఉంటే ప్లాస్టిక్‌కి వేరుగా దొరికే, వంగే రకం పుట్టీ వాడాలి. అదీ గీత ఉన్నచోట మాత్రమే.

అపోహ: డ్యాష్‌బోర్డు పైభాగం కూడా మెరిపిస్తేనే అందం

ఈ పని ఎంత డబ్బు ఇస్తామన్నా నేను చేయను. కంపెనీలు అక్కడ గరుకు, మ్యాట్ పెట్టింది మెరవకుండా ఉండటానికే. నున్నగా చేసి క్లియర్ కొడితే ఎండలో ఆ పైభాగం మొత్తం ముందు అద్దంలో ప్రతిబింబిస్తుంది. రావులపాలెం దాటి లోపలికి వెళ్తే కాలవగట్ల రోడ్లెంత ఇరుకో, కొబ్బరిచెట్ల సందుల్లోంచి ఎండానీడా కళ్లలో ఎలా పడతాయో మనకు తెలుసు. అక్కడ ఎదురుగా వచ్చే సైకిలు మనిషి ఆ మెరుపులో కలిసిపోతే? పైగా ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు 70 డిగ్రీల దాకా వేడెక్కగలదు. ఏ పూతకైనా అది గట్టి పరీక్షే. మెరుపు కావాలంటే కన్సోల్, డోర్ స్విచ్చుల చట్రం, ఏసీ గ్రిల్ అంచులు చాలు.

అపోహ: ఎయిర్‌బ్యాగ్ మూత మీద పల్చగా వేస్తే ఏమవుతుంది?

వద్దండి. 2019 జూలై 1 నుంచి డ్రైవర్ వైపు, 2021 నుంచి పక్క సీటు వైపు కూడా కొత్త కార్లకు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. ఆ మూత ఎక్కడ చిరగాలో వెనకవైపు పల్చటి గీత చెక్కి ఉంచుతారు. కన్ను మూసి తెరిచేలోపు అది చిరిగి బ్యాగు బయటికి రావాలి. దాని మీద ప్రైమర్ పొరలు పేరిస్తే చిరిగే తీరు మారొచ్చు, గట్టిపడిన పెచ్చులు ముఖం మీదికి ఎగరొచ్చు. స్టీరింగ్ మధ్యభాగం, డ్యాష్‌బోర్డులో ఎడమవైపు మూత, ఎయిర్‌బ్యాగ్ అని రాసున్న పిల్లర్ ట్రిమ్ములు, వీటి జోలికి పోకూడదు.

అపోహ: షెడ్డులోనే కదా, వాన పడితే ఏంటి?

వాన లోపలికి రాదు, తేమ వస్తుంది. సముద్రం పక్కన, చెరువుల మధ్య ఉన్న ప్రాంతం మనది. థిన్నర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఆ చల్లదనానికి తడిగా మారి రంగు మీద కూర్చుంటుంది. దాంతో నల్లరంగు పాలు పోసినట్టు తెల్లబారుతుంది. టూకే రంగుల్లోని హార్డ్‌నర్ అయితే నీటితోనే కలిసి, మెరుపు చచ్చి బుడగలు వస్తాయి. తేమ 80 శాతం దాటిన రోజు నేను స్ప్రే గన్ పట్టుకోను. చిన్న తేమ మీటరు ఒకటి గోడకి తగిలించుకుంటే సరిపోతుంది. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు రోజూ పొద్దున్నే వదిలెయ్యాలి, గాలి పైపుకి నీటిని ఆపే ఫిల్టరు ఉండాలి.

హార్డ్‌నర్ మాట వచ్చింది కాబట్టి, ఈ పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకి ఒక మాట. అందులో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకి పడక ఒకసారి ఉబ్బసం పట్టుకుంటే, ఆ తర్వాత కొంచెం ఆవిరికే ఆయాసం వస్తుంది. ముక్కుకి తువ్వాలు కట్టుకోవడం, దుమ్ము మాస్కు పెట్టుకోవడం దీనికి ఎంతమాత్రం సరిపోవు. బయటినుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు ఉన్నచోటే టూకే కొట్టండి. మేస్త్రి వద్దన్నా మీరు అడిగి పెట్టించుకోండి.

అపోహ: చేతికి అంటలేదంటే ఆరిపోయినట్టే

సంక్రాంతి ముందు ఈ మాట రోజూ వింటాం. "పండక్కి అల్లుడుగారు వస్తున్నారండి, రేపు సాయంత్రానికి బిగించి ఇచ్చేయండి" అంటారు. అప్పుడే పొద్దున మంచు, చలి. రంగు ఆరడం నెమ్మదిగా ఉండే రోజులవి. అంటకపోవడం వేరు, గట్టిపడటం వేరు. టూకే క్లియర్ పూర్తిగా గట్టిపడటానికి వారం వరకు పడుతుంది. తొందరపడి బిగిస్తే క్లిప్పు ఒత్తిన చోట, స్క్రూ కింద రంగు నలుగుతుంది. పైగా మూసిన కారులో మిగిలిన థిన్నర్ వాసనకి పిల్లలకి తలనొప్పి. పండగ ఉందంటే డిసెంబరు మొదట్లోనే తీసుకురండి.

ఇంటికి తీసుకెళ్లాక మొదటి నెల పాలిషులేవీ వద్దు. తడిగుడ్డ, అవసరమైతే కొంచెం సబ్బునీళ్లు చాలు. శానిటైజర్ రాసుకున్న చేతులు ఆరాకే డోర్ ముట్టుకోవాలి. రొయ్యల చెరువుల మీద సాయంత్రాలు తిరిగేవాళ్లు దోమల క్రీము రాసుకుంటారు. దానిలో డీట్ అనే మందు ఉంటే అది రంగునీ ప్లాస్టిక్‌నీ కూడా మెత్తబరుస్తుంది, మోచెయ్యి ఆనించిన చోట గుర్తు పడిపోతుంది. డబ్బా వెనక పేర్లు ఒకసారి చదివి, ఆ మందు లేనిది కొనుక్కోండి.