ఊళ్లోంచి పాలు పోతాయి, ఊళ్లోకి ఆకుకూర రాదు

ఆంధ్రప్రదేశ్‌లో కనిగిరి, పామూరు, ఉదయగిరి, సీతారామపురం వైపు మెట్ట ఊళ్లలో ఇప్పుడు బియ్యానికి అంతగా కరువు లేదు. రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు 35 కిలోలు వస్తాయి. కడుపు నిండుతుంది గానీ ఒంటికి రక్తం పట్టదు. ఎందుకని వెతుక్కుంటూ పోతే చాలాసార్లు అడ్డరోడ్డుకూ ఊరికీ మధ్యనున్న నాలుగైదు కిలోమీటర్ల దారి దగ్గర తేలుతుంది.

లెక్క చూడండి. మనిషి రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బంగాళాదుంప ఇందులోకి రాదు. నలుగురున్న ఇంటికి వారానికి 11 కిలోల పైమాటే. వారపు సంతకు ఒక్కసారి వెళ్లే ఆడమనిషి అంత బరువు మోయాలి, మోసినా ఎండాకాలంలో వారంపాటు నిలవదు. అందుకే సంచిలోకి ఉల్లిగడ్డలు, బంగాళాదుంపలు, నాలుగు టమాటాలు చేరతాయి. తోటకూర, పాలకూర అక్కడే ఉండిపోతాయి. ఇది తెలియక చేసే పని కాదు. ఆ దారికి సరిపోయే కొనుగోలు అదే.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు. పెద్ద మేలే. కానీ బస్సు అడ్డరోడ్డు దగ్గరే ఆగే ఊళ్లలో అక్కడిదాకా షేర్ ఆటో ఎక్కాలి. రానూపోనూ 40 రూపాయలైతే, 160 రూపాయల కూరగాయల మీద అది నాలుగో వంతు. పోయిన పూట కూలి వేరే. ఎర్రగొండపాలెం మండలంలో అడవి లోపలున్న పాలుట్ల లాంటి చెంచు గూడేలకు ఈ కష్టం ఇంకెన్నో రెట్లు.

ఆకుకూర కోసిన దగ్గర్నుంచి నీరు కోల్పోతూనే ఉంటుంది. ఎండలో వాడిపోయేకొద్దీ విటమిన్ సి తరుగుతుంది. సజ్జల్లో, పప్పుల్లో, ఆకుల్లో ఉండే ఇనుము ఒంటికి సరిగా పట్టాలంటే ఆ విటమినే తోడుండాలి. ఆకుకన్నా నిమ్మకాయ చాలా రోజులు నిలుస్తుంది, నెల్లూరు జిల్లా పొదలకూరు నిమ్మకాయల ప్రాంతమే. పొయ్యి దించాక, తినేముందు పప్పులో అరచెక్క పిండాలి. ఉడుకుతుండగా పిండితే వేడికి విటమిన్ కొంత పోతుంది. తిన్న గంటదాకా టీ తాగొద్దు, అది ఇనుమును అడ్డుకుంటుంది.

కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ చాలాచోట్ల లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటి ఉంటుంది. తిండిలో కాల్షియం ఉంటే పేగుల్లో ఫ్లోరైడ్‌ను పట్టి కొంతవరకు ఒంట్లోకి పోనివ్వదు. నీళ్లు మార్చుకోవడానికి బదులు కాదు గానీ, కాల్షియం ఉన్న పాలు పిల్లలకు చాలా అవసరం. మనసు కలుక్కుమనేది ఇక్కడే. పాల వ్యాను తప్పకుండా వచ్చే ఊళ్లలోనూ ఆ పాలు మొత్తం డబ్బు కోసం బయటికి పోతున్నాయి. పాల కేంద్రానికి పోయకముందే పిల్లకొక గ్లాసు పక్కకు తీయడం ఖర్చులేని పని.

డయాలసిస్ రోగులకు దారి మరీ కఠినం. వారానికి రెండు మూడుసార్లు వెళ్లాల్సిన మనిషి బస్సు అందక ఒక్క పూట తప్పినా ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుంటాయి. పొటాషియం హద్దు దాటితే గుండె ఆగవచ్చు. ఇలాంటి ఊళ్లకు బస్సు వేళలు ఆసుపత్రి వేళలను బట్టి పెట్టాలి.

ఖాళీ క్యాన్లతో ఊళ్లోకి వచ్చే పాల బండిలో కూరగాయలకు చోటు ఉంటుంది. దాన్ని వాడుకోవాలంటే పొదుపు సంఘం ముందురోజు సాయంత్రమే ఇంటింటి ఆర్డరు రాసుకోవాలి. ఆర్డరు లేకుండా తెస్తే సరుకు మిగిలి, రెండో వారానికే బండి ఆగిపోతుంది. మట్టి అంటకుండా క్యాన్లకూ కూరగాయలకూ మధ్య పలక అడ్డం పెట్టాలి. అడుగున గుమ్మడి, దోస, సొర. టమాటా విడిగా ప్లాస్టిక్ క్రేట్లో. ఆకుకూర అన్నిటికన్నా పైన, తడిపి పిండిన గోనెపట్టా కింద. నీళ్లు కారేలా తడిపితే ఊరు చేరేలోపే ఆకు కుళ్లడం మొదలవుతుంది.