బండికి సౌండ్ సిస్టమ్: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో బైకులు, స్కూటర్ల వైరింగ్ పని చేస్తాను. మేడారం జాతర దగ్గర పడితే చాలు, "మంచి సౌండ్ పెట్టు అన్నా" అంటూ పిల్లలు వస్తారు. స్పీకర్ గురించి అన్నీ అడుగుతారు, కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం అడగరు.

అపోహ: ఆంప్ (స్పీకర్‌కు శక్తినిచ్చే ఆంప్లిఫైయర్) డబ్బా మీద 500 వాట్లు అని ఉంటే 500 వాట్లు వస్తాయి.

వాస్తవం: బండిలో ఉండేది 12 వోల్టులు. 500 వాట్లు రావాలంటే దాదాపు 42 ఆంపియర్లు లాగాలి. చిన్న బండికి మెయిన్ ఫ్యూజే 10, 15 ఆంపియర్లది ఉంటుంది. డబ్బా మీది అంకె వదిలేసి, ఆంప్‌తో ఇచ్చిన ఫ్యూజ్ చూడండి. అది 5 ఆంపియర్లదైతే లెక్క 60 వాట్ల దగ్గరే ఆగుతుంది. పైగా 2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లకు ఇంజిన్ నడిచినంతసేపూ హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది. దాని వాటా దానికి పోవాలి కదా.

అపోహ: పెద్ద బ్యాటరీ వేస్తే సరిపోతుంది.

వాస్తవం: పెద్ద కుండ పెట్టినంత మాత్రాన నల్లా నీళ్లు ఎక్కువ ఇవ్వదు. బ్యాటరీని నింపేది ఇంజిన్‌లోని కాయిల్, దాని శక్తి మారదు. ఇంజిన్ నడుస్తుండగా పాట, లైట్ రెండూ వేసి బ్యాటరీకి మీటర్ పెట్టండి. 13.5 నుంచి 14.5 వోల్టులు చూపిస్తే టెన్షన్ లేదు. 13 కంటే దిగితే బ్యాటరీ తరుగుతున్నట్టే, మేడారం దారిలో ములుగు దాటాక సెల్ఫ్ తీసుకోదు.

అపోహ: వైరు మంచిదైతే ఫ్యూజ్ అక్కర్లేదు.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే. ఒకసారి నా దగ్గరికి వచ్చిన బండిలో ఆంప్ వైరును హ్యాండిల్ మెడ పక్క నుంచి లాగారు. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా రాసుకుని పైతొక్క ఊడి, రాగి తీగ చాసిస్‌కు తగిలింది. ఫ్యూజ్ లేదు. ట్యాంకు కింది దాకా వైర్లన్నీ కరిగి ముద్దయ్యాయి. పైన పెట్రోలు ఉంది. ఆ పిల్లాడికి ఏమీ కాలేదు, అదే చాలు. ఫ్యూజ్ కాపాడేది ఆంప్‌ను కాదు, వైరును. అందుకే బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోపే ఉండాలి. ఆంప్ దగ్గర పెడితే మధ్యలోని వైరుకు దిక్కుండదు.

ఆంప్‌ను రిలే (తాళం ఆన్‌లో ఉన్నప్పుడే కరెంటు కలిపే స్విచ్) ద్వారా తాళానికి కలపమని కూడా పట్టుబడతాను. తాళం తీస్తే అదీ ఆగాలి. నేరుగా బ్యాటరీకి ఇస్తే బ్లూటూత్ రాత్రంతా కొద్దికొద్దిగా లాగుతూనే ఉంటుంది.

ఇంజిన్ రేజ్ చేస్తే స్పీకర్‌లో కూత వస్తుందా? స్పీకర్ చెడిపోయిందని మార్చేస్తారు. చాలాసార్లు ఎర్త్‌దే (కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారి) తప్పు. పెయింట్ మీద బోల్టు బిగించి ఉంటారు. ఎర్త్ వైరును నేరుగా బ్యాటరీ మైనస్‌కు ఇచ్చి చూడండి.

అపోహ: వాట్లు రెండింతలైతే మోత రెండింతలు.

వాస్తవం: పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కొంచెం తేడా. గాలి హోరులో స్పీకర్ ముఖం మీ వైపు తిరిగి ఉండటమే ఎక్కువ పనిచేస్తుంది.

నేను బిగించే ప్రతి సిస్టమ్‌కూ ఎడమ బొటనవేలికి అందేలా కట్ స్విచ్ పెడతాను. దానికి విడిగా డబ్బు తీసుకోను. ఎంజీఎం ఆసుపత్రి ముందు నుంచి వెళ్లేటప్పుడు, వెనక అంబులెన్స్ వస్తున్నప్పుడు ఒక్క నొక్కుతో పాట ఆగాలి.